ఉప్పుటేరు ఒడ్డున పందిరి

కాకినాడ,
12 ఫిబ్రవరి 2007

పెదనాన్నకు సోని నమస్కారాలు.

క్షేమంగా చేరాను. బస్టాండులో మీరు అరిచి చెప్పిన జాగ్రత్తలు నాతోపాటు బస్సంతా విన్నది. రాజమండ్రి దాకా పక్కసీటావిడ నా బ్యాగు జిప్పు వేసి ఉందో లేదో నాలుగుసార్లు చూసింది. ముప్పై ఏళ్ళు థర్మల్ స్టేషన్‌లో కూలింగ్ టవర్ పంపుల పక్కన పనిచేసిన మీ చెవులకు ఫోనులో నా గొంతు ఆనదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

ముందు ఉద్యోగం సంగతి. ఇక్కడ ఉప్పుటేరు ఒడ్డున పాత గోదాముల పేట ఒకటుంది. వ్యాపారం తగ్గిపోయాక పాడుబడింది. దాన్ని జనం తిరిగే చోటుగా మార్చే పని మా ఆఫీసుకు వచ్చింది. నడిచే దారి, కూర్చునే చోట్లు, చెట్లు, అన్నీ మేమే గీయాలి. దీన్నే ల్యాండ్‌స్కేప్ అంటారు, నేను చదివింది అదే. మా పెద్ద ఇంజనీరు వెంకటరామారావు గారు ఒడ్డు పొడవునా నున్నటి నల్లరాయి, పచ్చగడ్డి, మధ్యమధ్య విదేశీ తాటిచెట్లు గీశారు. బొమ్మ బాగుంది. కానీ ఆ బొమ్మలో ఎండ లేదు. ఇక్కడ మధ్యాహ్నం రెండింటికి ఒడ్డు మీద కుక్క కూడా నిలబడదు. నీడ లేకపోతే ఎవరూ రారు సార్ అంటే, "సాయంత్రం వస్తారులేమ్మా" అన్నారు. చేపలు అమ్మేవాళ్ళు, పడవల వాళ్ళు పొద్దంతా అక్కడే ఉంటారు. వాళ్ళ సంగతి ఆ బొమ్మలో ఎక్కడా లేదు.

జూన్ లోపల ఆయన మనసు మారకపోతే రాయి పరిచేస్తారు. పరిచాక ఇరవై ఏళ్ళు ఎవరూ తీయరు. నేను చేసే మొదటి పని ఇది, పెదనాన్నా. కాళ్ళు కాలే చోటు కట్టిన పిల్ల అనిపించుకోవాలని లేదు. మీరు కాలనీలో అన్ని చెట్లు పెంచారు కదా. ఉప్పుగాలికి తట్టుకుని జల్దీ నీడనిచ్చేది ఏదో రాయండి.

పెద్దమ్మ పెట్టిన కారప్పొడి ఇంటి ఓనరమ్మ రుచి చూసింది. ఆరోజు నుంచి నాతో మర్యాదగా మాట్లాడుతోంది.

మీ సోని


పాల్వంచ,
22 ఫిబ్రవరి 2007

సోని బిడ్డకు పెదనాన్న హాతీరాం దీవించి రాసేది.

నీ ఉత్తరం మీ పెద్దమ్మ లాలికి చదివి వినిపించాను. ల్యాండ్‌స్కేప్ అన్నది ఆమెకు ల్యాండ్ స్కీము అని వినబడింది. చెవులు పోయింది నాకు, తప్పుగా వినేది ఆమె. మొన్న ఆదివారం పినపాక దగ్గర మన తండాకు పోయి, సోని సముద్రం ఒడ్డున ప్లాట్లు అమ్ముతోందని చెప్పివచ్చింది. మీ నాన్న బాబూరావు దగ్గరికి ఇద్దరు వచ్చి తూర్పు ముఖం ప్లాటు కావాలన్నారట. నేను పోయి సర్దిచెప్పాల్సి వచ్చింది.

ఇక చెట్లు. మా కాలనీ గేటు ముందరి కానుగ చెట్టు నేను పెట్టిందే. బస్సు ఆగే బోర్డు దానికి ఇరవై గజాల అవతల ఉంది. ఇన్నేళ్ళలో ఆ బోర్డు కింద ఒక్క మనిషి నిలబడగా నేను చూడలేదు. పొద్దున షిఫ్టుకు పోయేవాళ్ళు చెట్టుకు పడమర దిక్కు, మధ్యాహ్నం షిఫ్టుకు పోయేవాళ్ళు తూర్పు దిక్కు నిలబడతారు. డ్రైవరు కూడా బోర్డు చూడడు, నీడ ఎటుంటే అటే ఆపుతాడు. మీ సారుకు ఇది చెప్పు. కానుగ పెట్టు, గంగరావి పెట్టు, రెండూ ఉప్పుకు ఓర్చుకుంటాయి. కానీ సరిగ్గా నీడ పడాలంటే ఎనిమిదేళ్ళు పడుతుంది. అన్నేళ్ళు ఆగడం ఎవరివల్ల అవుతుంది? అందాకా ఇంకేదైనా చూడు. ఏది కట్టినా నడినెత్తిన కంత వదలమను. మా కూలింగ్ టవర్ పద్ధతి అదే. కిందినుంచి చల్లగాలి దూరాలి, పైనుంచి వేడి పోవాలి. మూత పెట్టావంటే లోపలివాళ్ళు ఉడికిపోతారు.

ఆగడం అంటే గుర్తొచ్చింది. నీకు ఇరవయ్యేడు నిండాయి. చదువు అన్నావు, ఆగాం. ఉద్యోగం అన్నావు, ఆగాం. మీ పెద్దమ్మ రోజూ నా మీద అరుస్తోంది. వినబడదు గానీ నోరు కదలడం కనబడుతుంది కదా. ఈ ఎండాకాలం దాటకుండా ఏదో ఒకటి నిశ్చయించుకో. నీ మనసులో ఎవరైనా ఉంటే దాచకుండా నాకు రాయి.

ఇక్కడ ఇప్పుడే ఎండ ముదిరింది. బొగ్గు బూడిద ఎగిరి ఆరేసిన బట్టలన్నీ ఒకటే రంగయ్యాయి.

ఇట్లు,
హాతీరాం


కాకినాడ,
6 మార్చి 2007

పెదనాన్నకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరన్నది నిజమే, అన్నేళ్ళు ఆగడం కుదరదు. అందుకే నిశ్చయించుకున్నాను. మే నెలలో పందిరి వేయాలనుకుంటున్నాను. ఇక్కడే, ఉప్పుటేరు ఒడ్డున. ఆర్భాటమేమీ వద్దు, సరుగుడు కర్రలు, తాటాకులు చాలు.

వెంకటరామారావు గారు ఊ అంటే అయిపోయినట్టే. మొదట ఈ మాట ఎత్తగానే మొహం చిట్లించారు. ఇప్పుడు మెత్తబడుతున్నారు. రోజూ సాయంత్రం ఇద్దరం ఒడ్డు మీద నడుస్తున్నాం. మీ బస్సు బోర్డు కథ చెబితే దారంతా నవ్వుతూనే ఉన్నారు. నిన్న ఆయనే అన్నారు, "సోనీ, నువ్వు రాకముందు ఈ ఊళ్ళో ఎండ ఉందన్న సంగతి నాకు తెలీదు" అని. నాకు చాలా సంతోషమేసింది.

ఖాయమయ్యేదాకా ఇంట్లో చెప్పకండి. పెద్దమ్మకు అసలే వద్దు. ప్లాట్ల గొడవ ఒక్కటి చాలు.

ఓనరమ్మకు కారప్పొడి అయిపోయింది. నాకంటే ఆవిడకే బెంగగా ఉంది.

మీ సోని


పాల్వంచ,
15 మార్చి 2007

బిడ్డా,

నీ ఉత్తరం చదివి పెరట్లో జామచెట్టు కింద చాలాసేపు కూర్చున్నాను. మీ పెద్దమ్మ అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాను. దాచమన్నావు, దాచాను. నలభై ఏళ్ళలో ఆమె దగ్గర నేను దాచింది ఇదొక్కటే. ఇంతకుముందు దాచినవన్నీ దొరికిపోయాయి.

నాకు కోపం రాలేదు. మొదట కొంచెం వచ్చింది, తరువాత పోయింది. దాచకుండా రాయమన్నది నేనే కదా, రాశావు. పేరును బట్టి ఆయన మనవాడు కాదని తెలుస్తూనే ఉంది. మనిషి మంచివాడైతే నాకది చాలు. నువ్వు నిశ్చయించుకున్నదానికి నేను అడ్డు నిలబడను. ఎవరు కాదన్నా నీ వెనక నేనుంటాను.

కొన్ని సంగతులు మాత్రం వరసగా రాయి. పందిరి మన దగ్గర వేయాలి గానీ అక్కడెందుకు? ఆ వెంకటరామారావు వయసెంత, ఆరోగ్యం ఎట్లుంది? ఆయనకు ఇదే మొదటిదా, ఇదివరకు ఏమైనా అయ్యాయా? అయితే ఎందుకు నిలవలేదు? వాళ్ళింట్లో వాళ్ళు ఏమంటున్నారు? ఎస్టీడీ బూతుకు పోయి అడుగుదామంటే నేను మాట్లాడేది పాల్వంచ సగం వింటుంది. ఇది గట్ల అరిచి అడిగే సంగతి కాదు.

నీ మంచి కోరే
పెదనాన్న


కాకినాడ,
26 మార్చి 2007

పెదనాన్నకు,

మీరు అడిగినంత శ్రద్ధగా మా ఆఫీసులో ఒక్కరూ అడగలేదు. మీరు నా వెనక ఉన్నారని చదివాక నాకెంత బలమొచ్చిందో చెప్పలేను.

సారు వయసు యాభై ఆరు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి, ఎండలో ఎక్కువసేపు ఉండలేరు. ఇద్దరు మనవలు. మనసు మంచిది, పంతం ఎక్కువ. ఇది ఆయనకు నాలుగోది. ఇదివరకు మూడు వేశారు, ఒక్కటీ నిలవలేదు. మొదటిది తొలి గాలివానకే పోయింది. రెండోది తుప్పు పట్టింది. మూడోదాన్ని విసుగొచ్చి ఆయనే వదిలించుకున్నారు. అందుకే జంకుతున్నారు. నాతో వేసేదైనా నిలవాలని ఆయన ఆశ.

ఇంట్లో వాళ్ళ సంగతంటారా, ఆయన భార్య అరుణశ్రీ గారు మొదటినుంచీ నా పక్షమే. "ఈయన్ని ఒప్పించడం నా వల్ల కాలేదు, నీ వల్లే అవుతుంది" అని జాడీడు మాగాయ పంపారు.

చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. మొదట నెలరోజులు పెట్టి చూస్తారట. బాగుంటే ఉంచుకుంటారు, లేకపోతే తీసేస్తారు. నేను సరేనన్నాను. మే ఆరో తేదీ ఆదివారం ముహూర్తం. ఆరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా సారు అక్కడే ఉంటారు.

మీ దగ్గర కూడా వేయాలని నాకూ ఉంది. ముందు ఇక్కడ ఒకటి నిలవనివ్వండి, తరువాత పాల్వంచలో ఇంకొకటి వేద్దాం.

సంతోషంతో
సోని


(పోస్టుకార్డు)
పాల్వంచ,
5 ఏప్రిల్ 2007

సోనికి,

చెప్పొద్దన్నావు, చెప్పేశాను. మీ పెద్దమ్మకు, మీ అమ్మానాన్నలకు, తండా పెద్ద రూప్‌సింగ్ నాయక్‌కు. ఇది నేనొక్కడినే మోసే బరువు కాదు. మీ పెద్దమ్మ రెండు రోజులు నోరు కూడా కదపలేదు. నాయక్ అన్నాడు, "లొల్లి పెట్టొద్దు. అందరం పోదాం. గా పందిరి కిందనే కూసుందాం. తేలేదాక ఒక్కరు గూడ లేవొద్దు." మన తండాలో ఏ తగువైనా అట్లనే తేలుతుందని నీకు తెలుసు. మే ఆరున వస్తున్నాం. మీ సారును ఎటూ పోవద్దని చెప్పు. కార్డు మీద ఇంతకంటే రాయలేను, మా పోస్ట్‌మ్యాన్ చెంచురామయ్య అన్నీ చదువుతాడు.

హాతీరాం


కాకినాడ,
14 ఏప్రిల్ 2007

పెదనాన్నకు,

కార్డు చూసి ఆఫీసులోనే గంతేసినంత పని చేశాను. తండా అంతా వస్తున్నారా? ఎంతమంది వస్తే అంత మంచిది. "తేలేదాక లేవొద్దు" అన్న నాయక్ తాత మాట సారుకు చెప్పాను. "అంత పట్టుదలా" అన్నారు.

నా భయం ఒక్కటే. మధ్యాహ్నం వేళ పందిరి కింద జనం కనబడకపోతే సారు నెలరోజులు కూడా ఆగరు, ఆ పై వారమే రాయి పరుస్తారు. పడవల వాళ్ళు కొత్తది ఏది కట్టినా తమను తరిమేస్తారేమోనని దూరంగా ఉంటారు. మీరు కూర్చుంటే వాళ్ళూ వస్తారని నా ఆశ. మా వాళ్ళు వస్తున్నారన్న సంగతి సారు దగ్గర దాచలేదు. "చుట్టాలు అరగంట కూర్చుని లేస్తారమ్మా, అది లెక్కలోకి రాదు" అన్నారు. చూద్దాం.

మీరు చెప్పినట్టే నడినెత్తిన కంత వదిలించాను. సముద్రం గాలి వచ్చే వైపు తెరిచి ఉంచి, పడమటెండ తగలకుండా తాటాకు దడి కట్టిస్తున్నాను. పెద్దమ్మ నోరు కదపకపోవడం ఏమిటి, ఒంట్లో బాగాలేదా? కారప్పొడి తెమ్మనండి. ఓనరమ్మ అడగమంది.

మీ కోసం ఎదురుచూస్తూ
సోని


పాల్వంచ,
9 మే 2007

సోని బిడ్డకు,

అందరం క్షేమంగా చేరాం. నాకు చాలా సిగ్గుగా ఉంది. ముందర చలువ అన్న ఒక్క మాట తగిలించి చలువ పందిరి అని రాస్తే నీ సొమ్మేం పోయేది? రాయడంలో తప్పు నీది. చదవడంలో తప్పు నాది. పెళ్ళి పందిరికి కంతేమిటి, రాయి పరచడమేమిటి అనుకున్నాను గానీ, నా మాట విన్నావన్న సంబరంలో ఇంకేం ఆలోచించలేదు.

నువ్వు నీళ్ళ కుండలు తేవడానికి పోయిన అరగంటలో ఏం జరిగిందో నీకు పూర్తిగా తెలియదు. దాచడం నావల్ల కాదు, రాస్తున్నాను. రెండు ట్రాక్స్ జీపులు దిగి ఇరవై ముగ్గురం వరసగా కూర్చున్నాం. మీ సారు వచ్చి దండం పెట్టాడు. ఎవరం తిరిగి పెట్టలేదు. నాయక్ నా చెవిలో కూడా పడేటట్టు గట్టిగా మొదలుపెట్టాడు. మిగతావాళ్ళ మాటలు మీ నాన్న తరువాత నాకు అరిచి చెప్పినవే.

"సారూ, మూడు నిలవలేదంట గదా. నాలుగోది నిలుస్తదని ఏంది మీ ధైర్యం?"

"తప్పంతా నాదేనండీ. ఆ మూడింటప్పుడూ గాలి ఎటునుంచి వస్తుందో చూసుకోలేదు. ఈ అమ్మాయి చూసింది."

మీ పెద్దమ్మ అడిగింది, "ఇంట్ల ఆడమనిషి ఉన్నది గదా. ఆమె ఏమంటది?"

"ఆవిడేనండీ ఒప్పుకోమని పోరింది. సాయంత్రం తనూ వచ్చి కూర్చుంటానంది."

మీ పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మీ నాన్న లేవబోతే నాయక్ పంచె పట్టి కూర్చోబెట్టాడు. నెలరోజులు చూసి వద్దనుకుంటే ఏం చేస్తారని నేనే అడిగాను. సారు ఏదో చెప్పాడు. అందులో నాకు కర్రలు అన్న మాట ఒక్కటే వినబడింది. వద్దనుకుంటే కర్రలు వేరే పనికి వాడతామన్నాడట పాపం. సంగతి కర్రలదాకా వచ్చిందా అని నేను చొక్కా చేతులు మడిచాను. సరిగ్గా అప్పుడు నువ్వు కుండలతో వచ్చావు.

తరువాతది నీకు తెలుసు. మీ సారు నవ్వి నవ్వి దగ్గుతుంటే మీ పెద్దమ్మే నీళ్ళు తాగించింది. తిరుగు దారిలో ఆమె అశ్వారావుపేట దాకా నన్ను తిట్టింది, అక్కడినుంచి పాల్వంచ దాకా నవ్వింది. రెండూ వినబడలేదు.

ఇప్పుడు నా బెంగ వేరే. మేం వచ్చింది నీ పందిరి చూడటానికి కాదు, తగువుకు. మేం కూర్చున్నది లెక్కలోకి రాదని మీ సారు అంటే న్యాయమే. మా తెలివితక్కువతనం వల్ల నీ మొదటి పని చెడిందంటే నేను ఓర్చుకోలేను. ఏమైందో వెంటనే రాయి.

హాతీరాం


కాకినాడ,
16 మే 2007

పెదనాన్నకు,

సారు నెలరోజులు ఆగలేదు, నిన్ననే రిపోర్టు రాసి పైకి పంపే ముందు నాకు ఇచ్చి చదవమన్నారు. మీ మీద రాసిన భాగం ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"పదకొండున్నరకు అమ్మాయి బంధువులు ఇరవై ముగ్గురు వచ్చి కూర్చున్నారు. వారు పెళ్ళి విషయం మాట్లాడటానికి వచ్చినవారు కనుక లెక్కలోకి తీసుకోలేదు. పన్నెండుంబావుకు పెళ్ళేమీ లేదని తేలింది. ఇక లేవవచ్చని వారి పెద్ద మూడుసార్లు చెప్పారు. ఒక్కరు కూడా లేవలేదు. అక్కడినుంచి లెక్కలోకి తీసుకున్నాను. ఒంటిగంటకు పడవల వాళ్ళు తొమ్మిదిమంది వచ్చి వారి పక్కన కూర్చున్నారు. రెండింటికి చేపలమ్మే ఆడవాళ్ళు బుట్టలు దించి నడుం వాల్చారు. ఆ తరువాత లెక్క నా దగ్గర లేదు. నాలుగుంబావుకు మా ఆవిడ వచ్చి నన్ను నిద్ర లేపింది."

దాని కింద ఒకే వరుస ఉంది. "నల్లరాయి వద్దు. ఒడ్డు పొడవునా పందిళ్ళు వేసి, వాటి వెంబడి చెట్లు నాటాలి."

ఆ వరుస చదివి సారు ముందే ఏడ్చాను. ఇంటికొచ్చి మీరు మార్చిలో రాసిన ఉత్తరం మళ్ళీ తీశాను. నాకు తెలియకుండా మీరెంత బాధపడ్డారో ఇప్పుడు అర్థమైంది. షుగరు, బీపీ, మనవలు, ఇంట్లో భార్య, అన్నీ ఉన్న మనిషిని చేసుకుంటున్నానని నమ్మి కూడా మీరు నన్ను ఒక్క మాట అనలేదు. తండానంతా వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చి కూర్చున్నారు. అంత పిచ్చిపని నా కోసం ఇంకెవరు చేస్తారు?

అరుణశ్రీ గారికి ఈ కథంతా తెలిసి, సారును నాలుగో పెళ్ళి పెళ్ళికొడుకు అని పిలుస్తున్నారు.

మీ సోని


పాల్వంచ,
25 మే 2007

సోని బిడ్డకు,

రిపోర్టు భాగం మీ పెద్దమ్మకు గట్టిగా చదివాను. పక్కింటివాళ్ళు కూడా వచ్చి మళ్ళీ చదవమన్నారు. తండాలో నాయక్ ఒక్కడికే కొంచెం కోపంగా ఉంది. లేవమని చెప్పినా జనం లేవకపోవడం ఆయన పెద్దరికంలో ఇదే మొదటిసారట.

రాజమండ్రి బస్సు డ్రైవరుకు ఇచ్చి నలభై కానుగ మొక్కలు పంపుతున్నాను, అక్కడ దింపుకుని తీసుకుపో. మా గేటు ముందరి చెట్టు గింజలు మొలకెత్తినవే. వానలు పడగానే పందిళ్ళ వెంబడి నాటించు, మొదటి రెండేళ్ళు మేకలు ముట్టకుండా ముళ్ళకంప కట్టించు. ఎనిమిదేళ్ళ తరువాత వాటికింద నీ తాటాకులతో పని ఉండదు.

ఇక పాల్వంచలో వేద్దామన్న రెండో పందిరి సంగతి. దానికి మాత్రం ఎనిమిదేళ్ళు ఆగకు. వేసేటప్పుడు ఏ పందిరో మొదటి వరుసలోనే రాయి, పెళ్ళికొడుకు వయసు రెండో వరుసలో రాయి. కారప్పొడి మొక్కల బస్తాలోనే ఉంది, మీ ఓనరమ్మకు తడవకుండా అందించు.

పెదనాన్న
హాతీరాం